ఆకు మంచిదే, అంకె చూశారా?

కోనసీమలో ఒక మనిషికి బీపీ ఉందని తెలిస్తే చాలు, ఆ సాయంత్రానికి ఇంటికి పది సలహాలు చేరతాయి. పరగడుపున నాలుగు వెల్లుల్లి రేకలు నమలమని అమలాపురం నుంచి మేనమామ ఫోన్ చేస్తాడు. మునగాకు కషాయం మానకుండా తాగమని రాజోలు వియ్యపురాలు గారు కబురు పెడతారు. తెల్లమద్ది చెక్క పాలల్లో మరిగించి తాగితే ఆరు నెలల్లో రోగమన్న మాటే ఉండదని కొత్తపేట టీ కొట్టు దగ్గర ఓ పెద్దాయన ఘంటాపథంగా చెబుతాడు. చివరికి అందరూ ఒక్క మాట మీదకి వస్తారు. "ఆ బిళ్ళ మాత్రం మొదలెట్టకండి. మొదలెడితే జీవితాంతం వేసుకోవాలి."

ప్రేమతో చెప్పే మాటలే ఇవన్నీ. మన నేల మీద మొలిచిన ఆకు మీద మనకు నమ్మకం ఉండటంలో తప్పేమీ లేదు. నాకూ ఆ నమ్మకం ఉంది. కానీ ఇంతమందిలో ఒక్కరూ అడగని ప్రశ్న ఒకటుంది. పైది ఎంత, కిందది ఎంత? పోయిన నెల ఎంత, ఈ నెల ఎంత? కషాయం తాగక ముందు ఎంత, తాగుతున్నాక ఎంత?

బీపీని అదుపులో పెట్టుకోవాలనుకునే మనిషి ఆకు గురించీ మాత్ర గురించీ ఆలోచించే ముందు లెక్క చూసుకోవడం అలవాటు చేసుకోవాలి. ఆ అలవాటు ఉన్నవాళ్ళకు ఆకూ పనికొస్తుంది, మాత్రా పనికొస్తుంది. లేనివాళ్ళకు రెండూ దండగే. ఇది వైద్యానికి సంబంధించిన విషయంలా కనిపిస్తుంది గానీ, నిజానికి స్వభావానికి సంబంధించింది. మన శరీరం మీద నిర్ణయం మనం తీసుకుంటున్నామా, లేక టీ కొట్టు దగ్గర కలిసిన పెద్దాయనకు అప్పజెప్పేస్తున్నామా అన్నదే అసలు ప్రశ్న.

బీపీ చప్పుడు చేయదు. తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు కాబట్టి నాకు బీపీ లేదనుకునేవాళ్ళు ఊరికి వందల మంది ఉంటారు. పైది 140 గానీ, కిందది 90 గానీ దాటి అలాగే నిలిచిపోతే దాన్ని అధిక రక్తపోటు అంటారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత లెక్కల ప్రకారం మన దేశంలో పదిహేనేళ్ళు దాటిన ఆడవాళ్ళలో 21 శాతం, మగవాళ్ళలో 24 శాతం మంది బీపీ ఉన్నవాళ్ళే. వీళ్ళలో చాలామందికి ఆ సంగతే తెలియదు.

ఇది పట్నం జబ్బు, తిని కూర్చునేవాళ్ళ జబ్బు అని ఇంకా అనుకుంటున్నారా? 2003, 2004 సంవత్సరాల్లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో, దాదాపు 1,80,000 జనాభాలో, ఏడాదిపాటు జరిగిన ప్రతి మరణానికీ కారణం వెతికారు. సిడ్నీకి చెందిన జార్జ్ ఇన్‌స్టిట్యూట్, మన బైర్రాజు ఫౌండేషన్ వంటి సంస్థలు కలిసి చేసిన పని ఇది. చనిపోయిన వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, చివరి రోజుల్లో ఏం జరిగిందో అడిగి రాసుకున్నారు. తేలిందేమిటంటే, నూటికి 32 మరణాలు గుండె, రక్తనాళాల జబ్బుల వల్ల జరిగినవి. అంటువ్యాధులు చాలా వెనకబడ్డాయి. వరి చేలు, కొబ్బరి తోటల మధ్య బతికే మన పల్లెల కథ ఇది. ఆ గుండెపోట్ల వెనకా, పక్షవాతాల వెనకా ఏళ్ళ తరబడి ఎవరూ చూడని బీపీ పెద్ద కారణం.

ఒక వేరు ప్రపంచాన్ని గెలిచిన కథ

ఆకు వైద్యాన్ని నమ్మేవాళ్ళు గర్వంగా చెప్పుకోవలసిన కథ ఒకటుంది. దాన్ని చివరిదాకా చెప్పుకోవాలి.

1945 ఏప్రిల్ 12న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ మెదడులో నరం చిట్లి చనిపోయాడు. ఆ రోజు ఆయన బీపీ పైది 300 దాటింది. ప్రపంచంలో అంత బలమైన దేశాన్ని ఏలినవాడికి ఇవ్వడానికి సరైన బీపీ మందు ఆనాడు లేదు. నాలుగేళ్ళు తిరిగేసరికి బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ ఒక వ్యాసం రాశాడు. బీపీ ఉన్న 50 మందికి మన సర్పగంధ వేరుతో చేసిన మందు ఇచ్చి, ఎవరికి ఎంత తగ్గిందో లెక్కలతో సహా 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రచురించాడు. దాంతో ప్రపంచ వైద్యుల కళ్ళు మన వేరు మీద పడ్డాయి. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ శాస్త్రవేత్తలు ఆ వేరులోంచి రిసర్పిన్ అనే పదార్థాన్ని విడదీశారు. వకీల్‌కు 1957లో అమెరికావాళ్ళ లాస్కర్ అవార్డు వచ్చింది.

కథ అక్కడితో ఆగలేదు. బీపీ బాగా ఎక్కువగా ఉన్న 143 మంది మాజీ సైనికులను అమెరికాలో రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు మందులు, ఇంకో గుంపుకు మందులేని ఉత్త బిళ్ళలు ఇచ్చారు. ఉత్త బిళ్ళలు మింగినవాళ్ళలో 27 మందికి బీపీ వల్ల ప్రమాదకరమైన దెబ్బ తగిలింది. మందులు వాడినవాళ్ళలో అలాంటివాళ్ళు ఇద్దరే. 1967లో బయటకొచ్చిన ఈ ఫలితమే, బీపీకి మందు వాడితే ప్రాణం నిలుస్తుందని మొదటిసారి గట్టిగా నిరూపించింది. ఆ మందుల్లో ఒకటి రిసర్పిన్. మన సర్పగంధ బిడ్డ.

ఈ కథలో మనకు పనికొచ్చే సంగతి ఏమిటి? సర్పగంధను మన వైద్యులు శతాబ్దాలుగా వాడుతూనే ఉన్నారు. ప్రపంచం దాన్ని బీపీ మందుగా ఒప్పుకున్నది మాత్రం, ఎంత మోతాదు ఇస్తే ఎన్ని వారాలకు ఎంత తగ్గిందో ఒక డాక్టరు కాగితం మీద పెట్టాకే. అలా కొలవబట్టే దాని చెడ్డ కూడా తెలిసింది. రిసర్పిన్ మోతాదు ఎక్కువైతే మనసు కుంగిపోతుంది, నాడి నెమ్మదిస్తుంది, ముక్కు దిబ్బడ వేస్తుంది. అందుకే ఇంతకంటే నెమ్మదైన మందులు వచ్చాక డాక్టర్లు దాన్ని చాలావరకు పక్కన పెట్టారు. పచ్చి వేరులో ఎంత మందు ఉంటుందో వేరు వేరుకూ మారుతుంది. సర్పగంధ పొడి కొనుక్కొచ్చి సొంతంగా చెంచాలతో మింగే పని ఎవరూ పెట్టుకోవద్దు.

ఆ బిళ్ళంటే భయమెందుకు?

"జీవితాంతం వేసుకోవాలి" అన్న మాట దగ్గర చాలామంది ఆగిపోతారు. ఒక్కసారి నిదానంగా ఆలోచించండి. కషాయం తాగమన్నవాళ్ళు ఎన్నాళ్ళు తాగమన్నారు? అదీ జీవితాంతమే కదా. జీవితాంతం అన్నది మందు గుణం కాదు, జబ్బు గుణం. మాత్ర వేసుకుంటే అలవాటు పడిపోతామన్నది అపోహ. మాత్ర పనిచేస్తున్నంతసేపు అంకె దిగి ఉంటుంది, మానేస్తే చాలామందిలో మళ్ళీ ఎక్కుతుంది.

ఇంతకంటే పెద్ద పొరపాటు ఇంకోటుంది. అంకె 130కి దిగగానే "తగ్గిపోయిందిగా" అని మానేయడం. తగ్గించింది ఆ మాత్రే. అటెనొలాల్, మెటొప్రొలాల్, క్లోనిడిన్ వంటి కొన్ని మందులనైతే ఒక్కసారిగా ఆపేయడం మరీ ప్రమాదం, బీపీ ఉన్నట్టుండి పైకి తన్నుతుంది. బరువు తగ్గి, ఉప్పు తగ్గించి, రోజూ కాలవ గట్టు మీద అరగంట చురుగ్గా నడిచేవాళ్ళకు డాక్టర్లే మోతాదు తగ్గిస్తారు. కొందరికి మందు పూర్తిగా ఆపేస్తారు కూడా. ఆ దారి అందరికీ తెరిచే ఉంది. కాకపోతే అంకెలు చూసి డాక్టరు ఆపాలి, మనం కాదు.

బీపీకి మొదట రాసే మాత్రలు చాలావరకు పాతవి, చౌకవి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగానే ఇస్తారు. 2017లో కేంద్రం, ఐసీఎంఆర్ కలిసి మొదలుపెట్టిన బీపీ నియంత్రణ కార్యక్రమం మొదటి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ కూడా ఉంది. అక్కడ వాడినవీ ఖరీదైన మందులు కావు. ఆమ్లోడిపిన్, టెల్మిసార్టన్ లాంటివే. తెలిసిన మందులనే మానకుండా వాడించడం, మళ్ళీ మళ్ళీ కొలవడం, అంతే వాళ్ళు చేసింది.

ఏ ఆకుకు ఎంత బలం?

ఇప్పుడు పెరట్లోకి వెళ్దాం.

వెల్లుల్లితో మొదలుపెడదాం. దీని మీద చాలా పరీక్షలు జరిగాయి. బీపీ ఉన్నవాళ్ళలో కొన్ని పాయింట్లు తగ్గిస్తుందన్న మాట నిజం. అయితే ఆ పరీక్షల్లో వాడింది ఎక్కువగా కొలిచి చేసిన వెల్లుల్లి పొడి, సారం. నూనెలో ఎర్రగా వేయించి పోపులో వేసుకున్న రేకలకు అంత బలం ఉంటుందని చెప్పలేం. గుండె జబ్బు ఉండి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం పలుచన చేసే మందులు వాడేవాళ్ళు ఎక్కువ మోతాదులో వెల్లుల్లి తీసుకుంటే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. పన్ను పీకించుకునే ముందు, ఆపరేషన్‌కు ముందు ఈ సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి.

ఎర్ర గోంగూర సంగతి నాకు చాలా ఇష్టం. మనం ఆకు తిని వదిలేస్తాం గానీ, ఆ మొక్క పువ్వు రాలాక కాయ చుట్టూ మిగిలే ఎర్రటి పుల్లని రేకలను ఎండబెట్టి చాలా దేశాల్లో టీ కాచుకుంటారు. అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో 65 మంది మీద దాన్ని పరీక్షించారు. రోజుకు మూడు కప్పుల చొప్పున ఆరు వారాలు తాగినవాళ్ళకు పైఅంకె సగటున 7 పాయింట్లు దిగింది. రంగు, రుచి అలాగే ఉన్న ఉత్త పానీయం తాగినవాళ్ళకు ఒక పాయింటు దిగింది. 2010లో వచ్చిన ఫలితం అది. బీపీ కాస్త ఎక్కువగా మాత్రమే ఉండి, ఇంకా మందులు మొదలుపెట్టనివాళ్ళ మీద చేసిన పరీక్ష అన్నది గుర్తుంచుకోవాలి. ఇంకో ముఖ్యమైన మాట. ఇది విని గోంగూర పచ్చడి జాడీ దగ్గరికి లాక్కోకండి. ఆ టీలో ఉప్పు లేదు. మన పచ్చడిలో నిండా ఉప్పే.

అవిసె గింజలదీ మంచి కథే. కెనడాలో కాళ్ళ రక్తనాళాలు పూడుకుపోయిన 110 మందిలో కొందరికి రోజూ 30 గ్రాముల అవిసె పొడి, మిగతావాళ్ళకు అది లేని తిండి ఆరు నెలలు పెట్టారు. చివరికి చూస్తే అవిసె తిన్నవాళ్ళ పైఅంకె రెండోవాళ్ళ కంటే దాదాపు 10 పాయింట్లు తక్కువగా ఉంది. వాళ్ళలో చాలామంది తమ మాత్రలు వాడుతూనే ఇది తిన్నారు. గింజలు పొడి కొట్టే తినాలి, మింగేస్తే అలాగే బయటికి పోతాయి.

మునగాకు, తెల్లమద్ది చెక్కల గురించి క్లుప్తంగా చెబుతాను. మునగాకు పోషకాల గని, పప్పులో వేసి వారానికి రెండుసార్లు తినండి. తెల్లమద్దికి మన ఆయుర్వేదంలో గుండె మందుగా పేరుంది. కానీ ఈ రెండూ బీపీని ఎంత తగ్గిస్తాయో మనుషుల మీద జరిగిన పరీక్షలు చిన్నవి, తక్కువ. వాటి మీద భారమంతా వేసి కూర్చోవద్దు.

ఇక కోనసీమ సొంత సొత్తు కొబ్బరి బొండం, అరటిపండు. అంబాజీపేట కొబ్బరి, రావులపాలెం అరటి లేని కోనసీమ ఉందా? రెండిట్లోనూ పొటాషియం దండిగా ఉంటుంది. ఒంట్లో చేరిన సోడియాన్ని మూత్రపిండాలు బయటికి పంపడానికి పొటాషియం సాయపడుతుంది. రక్తనాళాల బిగువునూ సడలిస్తుంది. అమెరికాలో జరిగిన డ్యాష్ అనే పరీక్ష ఫలితం 1997లో వచ్చింది. పళ్ళు, కూరగాయలు, వెన్న తీసిన పాల పదార్థాలు ఎక్కువగా పెట్టి వండిన భోజనంతోనే బీపీ రోగులకు పైఅంకె 11 పాయింట్లు తగ్గింది. ఒక మాత్రతో సమానమైన పని అది. కాబట్టి కూల్‌డ్రింక్ బదులు బొండం తాగడం, స్వీటు బదులు కర్పూర అరటిపండు తినడం చక్కటి అలవాటు.

అయితే ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళకు పొటాషియం బయటికి పోదు, రక్తంలో పేరుకుపోతుంది. మితిమీరితే గుండె కొట్టుకోవడమే గాడి తప్పుతుంది. టెల్మిసార్టన్, ఎనలాప్రిల్, స్పైరొనోలాక్టోన్ లాంటి మందులు కూడా ఒంట్లో పొటాషియాన్ని నిలిపి ఉంచుతాయి. అలాంటి మందులు వాడుతున్నవాళ్ళు, షుగరు చాలా ఏళ్ళుగా ఉన్నవాళ్ళు రోజుకు రెండు మూడు బొండాలు తాగేయాలనుకుంటే ముందు రక్తపరీక్ష చేయించుకుని డాక్టరును అడగాలి. తోటలో ఉచితంగా దొరికేదైనా సరే, ఒంట్లోకి వెళ్ళాక అది తన పని తాను చేస్తుంది.

బీపీని పెంచే మూలికలు కూడా ఉన్నాయి. అతిమధురం తీసుకోండి. దగ్గుకు, గొంతు గరగరకు ఇళ్ళల్లో వాడతాం. దాన్ని రోజుల తరబడి ఎక్కువగా వాడితే ఒంట్లో ఉప్పూ నీరూ నిలిచిపోయి బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. బీపీ మాత్రలు వేసుకుంటున్నా అంకె దిగడం లేదంటే, ఇంట్లో ఎవరైనా అతిమధురం కషాయం పెడుతున్నారేమో చూడండి. మోకాళ్ళ నొప్పులకని మందుల షాపులో కొనుక్కుని రోజూ వేసుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ మాత్రలూ అంతే. అవి బీపీని పెంచుతాయి, మూత్రపిండాలనూ దెబ్బతీస్తాయి. నాట్లకు, కోతలకు వెళ్ళి నడుం నొప్పితో వచ్చే మన ఆడవాళ్ళు ఎంతమంది ఈ మాత్రలు మిఠాయిల్లా మింగుతున్నారో తలుచుకుంటే బాధేస్తుంది.

పేరు లేని పొట్లాల్లో, ఏమున్నదీ రాయని సీసాల్లో వచ్చే పొడుల దగ్గరికి మాత్రం వెళ్ళకండి. అలాంటి వాటిలో స్టెరాయిడ్లు కలిపితే నొప్పి మంత్రించినట్టు పోతుంది, వెనకాలే బీపీ, షుగరు పెరుగుతాయి. అమెరికాలోని బోస్టన్ చుట్టుపక్కల దుకాణాల్లో అమ్ముతున్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే పద్నాలుగింటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్ లాంటి విషలోహాలు దొరికాయని 2004లో ప్రచురించారు. కువైట్‌లో ఉన్న కూతురో, అమెరికాలో ఉన్న కొడుకో ప్రేమగా పంపే సప్లిమెంటు సీసాలనూ జాగ్రత్తగానే చూడాలి. అమెరికాలో 1994 నాటి చట్టం ప్రకారం, ఆహార సప్లిమెంట్లు పనిచేస్తాయని అమ్మకానికి ముందు ప్రభుత్వానికి రుజువు చూపనక్కర్లేదు. విదేశీ సీసా కాబట్టి పరీక్ష జరిగే ఉంటుందనుకోకండి. ఇక బీపీని నయం చేస్తానని ప్రకటన ఇవ్వడం మన దేశంలో చట్టవిరుద్ధం. ప్రకటనల మీద 1954లో వచ్చిన చట్టంలోని జబ్బుల జాబితాలో అధిక రక్తపోటు కూడా ఉంది. "మూడు నెలల్లో బీపీ మాయం" అన్న కరపత్రం చేతికిస్తే, ఇచ్చినవాడు చట్టం తప్పుతున్నాడని తెలుసుకోండి.

మర్యాద ఉప్పుతోనే ఎందుకు?

ఇంతసేపూ ఏం తినాలో మాట్లాడుకున్నాం. కోనసీమలో అసలు గెలుపోటములు తేలేది ఏం మానుతామన్న దగ్గర. మానాల్సిన వాటిలో మొదటిది ఉప్పు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకు 5 గ్రాములు దాటవద్దంటోంది. అంటే సుమారు ఒక చెంచా. ఆంధ్రప్రదేశ్‌లో మూత్ర పరీక్షల ద్వారా వేసిన అంచనా ప్రకారం మనం సగటున 9 గ్రాములకు పైగా తింటున్నాం. పాశ్చాత్య దేశాల్లో ఉప్పు ఎక్కువగా కొట్లో కొన్న ప్యాకెట్ల నుంచి వస్తుంది. మనకు చాలావరకు మన వంటింట్లోంచే, మన చేత్తోనే పడుతుంది. దీన్ని నేను మంచి వార్త అనే అంటాను. ఏ కంపెనీ దయ మీదా ఆధారపడనక్కర్లేదు.

కొత్తావకాయ, మాగాయ, ఊరమిరపకాయలు, వడియాలు, అప్పడాలు, రేవు ఊళ్ళల్లో ఉప్పు చేప, ఎండు చేప. వేసవిలో పెట్టిన జాడీ ఏడాదంతా నడుస్తుంది. దానికితోడు కూరలో ఉప్పు, పులుసులో ఉప్పు, మజ్జిగలో ఉప్పు, ఆ మజ్జిగన్నంలోకి మళ్ళీ ఊరగాయ. ఇక గోదావరి మర్యాద సంగతి చెప్పాలా? పెళ్ళి భోజనమైనా, కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి వచ్చిన చుట్టాలకు పెట్టే భోజనమైనా, ఆకు ముందు కూర్చున్నవాణ్ణి వదలం. "ఆయ్, ఒక్క ముద్ద ఆవకాయ కలుపుకోండి, మా అమ్మ పెట్టిందండీ." వద్దంటే పెట్టేవాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. పెట్టించుకునేవాడు మొహమాటపడతాడు.

ఈ మొహమాటాన్ని గెలవడం వ్యక్తిత్వానికి సంబంధించిన పనే. కాదనడం తెలియనివాడు తన ఒంటిని తాను కాపాడుకోలేడు. కాదనడానికీ పద్ధతి ఉంది. మౌనంగా విస్తరి అంచుకు నెట్టేయకండి, అది పెట్టినవాళ్ళను నిజంగానే నొప్పిస్తుంది. నవ్వుతూ కారణం చెప్పండి. "అత్తయ్యా, మీ ఆవకాయ వాసనకే కడుపు నిండింది. నాకు బీపీ ఉంది, డాక్టరు గారు వద్దన్నారు. ఆ ములక్కాడ కూర ఇంకొంచెం వెయ్యండి." ఇలా చెబితే ఎవరూ నొచ్చుకోరు. పైపెచ్చు, ఆ పక్కనే కూర్చున్న మామయ్య గారికి కూడా బీపీ సంగతి గుర్తొస్తుంది. పెట్టేవాళ్ళకూ ఒక మాట. "ఏవండీ, ఉప్పు తగ్గించి వేరే తీసిపెట్టమంటారా?" అని అడిగే ఇల్లాలి కంటే గొప్ప మర్యాద చేసేవాళ్ళు ఎవరుంటారు?

ఇంటి ఆడవాళ్ళ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అందరికీ వడ్డించి ఆఖర్న కూర్చునేసరికి కూర అయిపోయి ఉంటుంది. పచ్చడీ మజ్జిగా కలుపుకుని లేచిపోతారు. ఇంట్లో అందరికంటే ఎక్కువ ఉప్పు తినేది తరచుగా ఆ తల్లే. ఆమె బీపీ ఎవరూ చూడరు, ఆమె కూడా అడగదు. మీ ఇంట్లో అలా జరుగుతుంటే ఈ రోజు నుంచే మార్చండి. ముందు ఆమె గిన్నెలోకి కూర తీసిపెట్టి తర్వాత మీరు వడ్డించుకోండి.

నాలుక మొండిదే గానీ, నేర్పితే నేర్చుకుంటుంది. ఉప్పు ఒక్కసారిగా మానేస్తే ఇంట్లో ఎవరూ ముద్ద మింగలేరు. కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోతే కొన్ని వారాల్లో నాలుక ఆ రుచికి అలవాటు పడుతుంది. నిమ్మరసం, పచ్చిమామిడి, చింతచిగురు, అల్లం, కరివేపాకు ఉప్పు లోటును కప్పిపుచ్చుతాయి. పులుపు తినే ప్రాంతంలో పుట్టడం మన అదృష్టం. ముందు మజ్జిగలో ఉప్పు ఆపండి, తర్వాత అన్నం వండేటప్పుడు వేసే ఉప్పు, తర్వాత వడియం, అప్పడం. ఊరగాయను రోజువారీ వస్తువుగా కాకుండా ఆదివారం వస్తువుగా చూడండి. సైంధవ లవణం వాడుతున్నాం కాబట్టి ఫరవాలేదన్న ధీమా వద్దు. గులాబీ రంగుదైనా, కళ్ళుప్పైనా, ప్యాకెట్ ఉప్పైనా అందులో ఉండేది ముఖ్యంగా సోడియం క్లోరైడే.

ఉప్పులోనే సోడియం తగ్గించి కొంత పొటాషియం కలిపినవి దొరుకుతున్నాయి. మన పక్కనే తెలంగాణలోని సిద్దిపేట జిల్లాలో ఏడు గ్రామాల్లో బీపీ ఉన్న 502 మంది మీద దీన్ని పరీక్షించారు. మామూలు ఉప్పు వాడిన ఇళ్ళతో పోలిస్తే ఈ ఉప్పు వాడినవాళ్ళ పైఅంకె మూడు నెలల్లో 4 పాయింట్లకు పైగా తగ్గింది. 2021లో ప్రచురించిన ఫలితం ఇది. అదే ఏడాది చైనాలో 600 గ్రామాల్లో జరిగిన పెద్ద పరీక్ష ఫలితమూ వచ్చింది. అక్కడ ఇలాంటి ఉప్పు వాడిన ఊళ్ళల్లో పక్షవాతాలు 14 శాతం తగ్గాయి. నేను చూసినంతవరకు ఏ కషాయానికీ ఇంత బలమైన సాక్ష్యం లేదు. బొండానికి చెప్పిన హెచ్చరికే దీనికీ వర్తిస్తుంది, మూత్రపిండాల జబ్బు ఉన్న ఇంట్లో డాక్టరును అడగకుండా ఈ ఉప్పు వాడకూడదు.

లెక్క పుస్తకం

కొబ్బరి దింపు తీయించిన రైతు ఏ చెట్టు ఎన్ని కాయలిచ్చిందో గుర్తుపెట్టుకుంటాడు, మొత్తం లెక్క రాసుకుంటాడు. పోయిన దింపు కంటే తగ్గితే కారణం వెతుకుతాడు. మీ బీపీకి కూడా అలాంటి ఒక పుస్తకం పెట్టండి. తేదీ, వేళ, పైది, కిందది. అంతే.

కొలిచే పద్ధతి సరిగా ఉండాలి. టీ, కాఫీ, సిగరెట్ తాగి అరగంట కాకముందు కొలవకండి. మూత్రవిసర్జన చేసి వచ్చి, వీపు ఆనించి, కాళ్ళు నేలకు ఆనించి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. చొక్కా చెయ్యి మీద కాకుండా ఒట్టి చెయ్యి మీద పట్టీ చుట్టండి. చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద ఉండాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయండి. ఇంట్లో కొలిచినప్పుడు సగటున పైది 135 గానీ, కిందది 85 గానీ దాటుతుంటే డాక్టరును కలవాలి. ఎప్పుడో ఒకసారి 150 కనిపించిందని కంగారుపడనక్కర్లేదు, ఒకసారి 120 కనిపించిందని మురిసిపోనక్కర్లేదు. వారాల తరబడి రాసిన వరస నిజం చెబుతుంది.

ఏదైనా ఆకును ప్రయత్నించాలని మనసుంటే, డాక్టరు ఒప్పుకున్నాక, మాత్ర మానకుండా, ఒక్కొక్కటిగా ప్రయత్నించండి. ముందు ఒక వారం ఏమీ మార్చకుండా కొలవండి. తర్వాత ఎర్ర గోంగూర టీ మొదలుపెట్టి ఆరు వారాలు కొలవండి. అదే సమయంలో వెల్లుల్లి, అవిసె, నడక అన్నీ కలిపి మొదలుపెడితే ఏది పనిచేసిందో మీకే తెలియదు. ఆరు వారాల్లో అంకె కదలకపోతే ఆ ఆకును గౌరవంగా పక్కన పెట్టి ముందుకు సాగండి. అంకె మరీ దిగిపోయి, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతుంటే, వెంటనే డాక్టరుకు చెప్పండి. మాత్రకు ఆకు తోడై మరీ లాగేస్తుండవచ్చు.

డాక్టరు దగ్గర దాచకండి

"ఇంకేమైనా వాడుతున్నారా?" అని డాక్టరు అడుగుతాడు. "లేదండీ" అంటాం. కషాయం సంగతి చెబితే కోప్పడతాడేమోనని భయం. ఆర్‌ఎంపీ దగ్గర చేయించుకున్న సూదుల సంగతీ చెప్పం, రెండు వారాలుగా మాత్ర మానేసిన సంగతీ చెప్పం. అప్పుడు డాక్టరు ఏం చేస్తాడు? మాత్ర పనిచేయడం లేదనుకుని మోతాదు పెంచుతాడు. మనం దాచిన అబద్ధానికి మన ఒళ్ళే మూల్యం చెల్లిస్తుంది.

ఈ మాట ఇంట్లో ఒకసారి పైకి అని చూసుకుని వెళ్ళండి. "డాక్టరు గారూ, రోజూ పొద్దున్నే ఈ కషాయం తాగుతున్నానండీ. పోయిన నెలలో పది రోజులు బిళ్ళ మానేశాను. ఇవిగో నా అంకెలు. ఏం మార్చమంటారు?" ఇలా నిజం చెప్పే రోగిని కోప్పడే డాక్టరు అరుదు. ఒకవేళ కోప్పడితే ఇంకో డాక్టరును వెతుక్కునే హక్కు మీకుంది. ఆయుర్వేద వైద్యం కావాలనుకుంటే చదువుకుని పట్టా పొందిన ఆయుర్వేద డాక్టరు దగ్గరికే వెళ్ళండి. మీ ఇంగ్లీషు మందుల పేర్లన్నీ ఆయనకూ చెప్పండి.

ఇంట్లో అందరికీ తెలియాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. మూతి ఒక పక్కకు వంకర పోయినా, ఒక చెయ్యో కాలో పడిపోయినా, మాట తడబడినా అది పక్షవాతం కావచ్చు. పసరు కోసమో, దిష్టి తీయించడం కోసమో ఒక్క నిమిషం కూడా ఆగకండి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వగలరు. పడవ దాటి, వంతెన దాటి పెద్దాసుపత్రికి చేరాల్సిన మన లంక ఊళ్ళవాళ్ళకు ఆ నాలుగున్నర గంటలు ఎంత తక్కువో మీకు తెలుసు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఈ ఆదివారం లోపు మీ ఇంట్లో ముప్పై ఏళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ చూపించండి. ఊరి ఆరోగ్య కేంద్రంలో ఏఎన్‌ఎం ఉచితంగానే చూస్తారు. మొదట అమ్మకు చూపించండి. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు మాత్రల అట్ట, కషాయం పొడి, అంకెలు రాసిన పుస్తకం మూడూ సంచిలో వేసుకుని వెళ్ళి ఆయన బల్ల మీద పెట్టండి.